హిల్‌బిల్లీ: తిట్టు పాట పేరైన వైనం

1925 జనవరిలో న్యూయార్క్‌లో, ఓకే రికార్డుల కంపెనీ కోసం ఆల్ హాప్కిన్స్ బృందం పాటలు రికార్డు చేసింది. బృందం పేరేమిటని నిర్మాత రాల్ఫ్ పీర్ అడిగాడు. నార్త్ కరోలినా, వర్జీనియాల నుంచి వచ్చిన హిల్‌బిల్లీలం, ఏ పేరైనా పెట్టుకోండి అన్నాడు హాప్కిన్స్. పీర్ ఆ మాటనే ఖాయం చేశాడు.

హిల్ అంటే కొండ. బిల్లీ, విలియం అనే పేరుకు ముద్దుపేరు. 1900లోనే పత్రికకెక్కిన ఈ మాటతో పట్నంవాళ్లు కొండప్రాంతపు పేదలను మోటువాళ్లని ఈసడించేవారు. అందుకే ఆ బృందంలో ఫిడేలు వాయించే టోనీ ఆల్డర్మన్‌కు ఆ పేరు మింగుడుపడలేదు. ఆయన బాధ న్యాయమైనదే. అయినా కొన్నేళ్లలోనే అది ఆ తరహా సంగీతానికంతటికీ పేరైపోయింది. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ పాటల పట్టికకు ‘కంట్రీ అండ్ వెస్ట్రన్’ అని పేరు పెట్టాక గౌరవమైన మాట స్థిరపడింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి. కంపెనీలు తెల్లవారి పాటలను హిల్‌బిల్లీ అనీ, నల్లవారి పాటలను ‘రేస్ రికార్డులు’ అనీ విడదీసి అమ్మాయి. హిల్‌బిల్లీ పాటల్లో మోగే బాంజో మాత్రం, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారు అమెరికాకు ఇచ్చిన వాద్యం.