మిగిలిన చూపు

నలభై దాటగానే చత్వారం వచ్చి పలకరిస్తుంది. పేపరు దూరంగా పెట్టి, ఇంకా దూరంగా పెట్టి, చివరికి చెయ్యి చాలక కళ్ళజోడు కొనుక్కుంటాం. 1306లో ఫ్లారెన్సులో ఒక క్రైస్తవ సన్యాసి, ఈ కళ్ళజోళ్ళ విద్య పుట్టి ఇంకా ఇరవయ్యేళ్ళయినా కాలేదని ప్రసంగంలో చెప్పాడట. అంటే దాని వయసు ఏడు వందల ఏళ్ళ పైమాటే.

మన సంగతి సరే. కళ్ళజోడు పెట్టినా చూపు ఆననివాళ్ళ మాటేమిటి? వాళ్ళు పూర్తిగా అంధులు కారు, మనలా చూడనూ లేరు. లోకం వాళ్ళకి చాలాకాలం ఇచ్చిన సలహా ఒక్కటే: "ఉన్న కాస్త చూపూ దాచుకో నాయనా!" చూపేదో కుండలో నీళ్ళయినట్టు, వాడితే అయిపోతుందని భయం. 1908లో లండన్‌లో హ్రస్వదృష్టి పిల్లలకని బడి పెట్టి, అందులో చదువూ రాతా వీలైనంత తగ్గించారు. 1913 నాటికి అమెరికాలోనూ "చూపు పొదుపు" తరగతులు వెలిశాయి.

కాని వాళ్ళకి కావలసింది పొదుపు కాదు, అక్షరం పెద్దదై కనబడడం. దగ్గరవాటికి భూతద్దం, దూరపువాటికి దుర్భిణి. 1930లలో న్యూయార్కులో విలియం ఫైన్‌బ్లూమ్ చిన్న దుర్భిణుల్ని కళ్ళజోడులోనే అమర్చి ఇచ్చాడు. చిక్కేమిటంటే, వస్తువు ఎంత పెద్దదైతే కనబడే మేర అంత కుంచించుకుపోతుంది. తలుపు సందులోంచి తిరునాళ్ళ చూసినట్టే!

ఆ సందులోంచే లోకం చూసినవాడు శామ్యూల్ జెనెన్‌స్కీ. 1927లో అమెరికాలో పుట్టాడు. పుట్టగానే కళ్ళలో ఒక మందుకి బదులు మరొకటి వేశారు. చూపు దాదాపు పోయింది. హైస్కూల్లో బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని నల్లబల్ల చదివాడు. అలాగే లెక్కల్లో డాక్టరేటు దాకా వెళ్ళాడు. 1960ల చివర, తను పనిచేసే ర్యాండ్ సంస్థలో తోటివారితో కలిసి ఒక ఏర్పాటు చేశాడు: కెమెరా కింద పుస్తకం, ఎదురుగా టీవీ తెర మీద బారెడు అక్షరాలు. 1978లో సాంటా మోనికాలో తనలాంటివాళ్ళ కోసం ఒక కేంద్రమే తెరిచాడు. ఇవాళ ఆ కెమెరా, తెర రెండూ మన జేబులో సెల్‌ఫోనులో ఉన్నాయి.

అందుకని, చూపు మందగించిన పిల్లవాడెవడైనా పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతుంటే, "కళ్ళు పాడైపోతాయిరా!" అని లాక్కోకండి. వాడు చూపు పారబోసుకోవడం లేదు, వాడుకుంటున్నాడు. చేతనైతే ఒక మంచి భూతద్దం కొనిపెట్టండి.