గుత్తి కోటలోని దొనలు

మన రాయలసీమలో గుత్తి కోట పేరు విననివారు అరుదు. ఊరి చుట్టును నిలిచిన కొండలలో ఎత్తయిన దానిపై, మైదానమునకు సుమారు 300 మీటర్ల ఎత్తున, ఈ దుర్గము కలదు. బుక్కరాయల నాటి శాసనము దీనిని దుర్గములలో రాజుగా కీర్తించినది. చూడవచ్చినవారు బురుజులను, గోడలను మెచ్చుకొందురు. ఈ కోటకు ప్రాణము గోడలలో లేదు, రాతి నెర్రెలలో నిలిచిన నీటిలో ఉన్నదని మనము గ్రహింపవలెను.

ఈ కొండ గ్రానైటు రాయి. బండమీద పడిన వాన ఇంకదు, జారిపోవును. బండ చీలినచోట, గుంటపడినచోట కొంత నీరు నిలుచును. వానిని మన పెద్దలు దొనలందురు. కోటలు కట్టినవారు అట్టి చీలికలనే జలాశయములుగా చేసికొనిరి. లోతుగా, ఇరుకుగా ఉన్న దొనపై బండనీడ పడుటచేత నీరు త్వరగా ఆవిరి కాదు. అయితే దొనకు ఊట లేదు. వాన ఇచ్చినంతే నీరు. అనంతపురము ప్రాంతములో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే.

18వ శతాబ్దములో ఈ కోట మురారిరావు ఘోర్పడే చేతిలో ఉండెను. హైదరాలీ దీనిని ముట్టడించి, ముందుగా ఊరిని, దిగువ కోటను పట్టుకొనెను. ప్రాణభయముతో జనులు ఎగువ కోటకు చేరిరి. నీరు తరిగిపోగా మురారిరావు సంధికి ఒప్పుకొనెను. హామీగా పంపబడిన యువకుడు కోటలో ఇక మూడు దినములకే నీరున్నదని మాటల మధ్య బయటపెట్టెనని చరిత్రకారుడు విల్క్స్ వ్రాసెను. హైదరు సంధిని విడిచి మరల ముట్టడించెను. 1776లో గుత్తి లొంగిపోయెను. ఎగువ కోటను జయించినది ఫిరంగి కాదు, దాహము.

ఈ కొండ క్రిందనే 1827లో గవర్నరు సర్ థామస్ మన్రో దేహమును సమాధి చేసిరి. 1831లో దానిని మద్రాసు సెయింట్ మేరీస్ దేవాలయమునకు తరలించిరి. ఆయన కలరాతో మరణించిన పత్తికొండలో జ్ఞాపకార్థము ఒక తోపు వేసి, మెట్లబావి కట్టించిరి. కరవు సీమలో అంతకంటె తగిన జ్ఞాపకచిహ్నమేమున్నది?

హిజ్కియా రాజు యెరూషలేములోనికి నీరు రప్పించిన సంగతి రాజుల రెండవ గ్రంథములో చదువుచున్నాము. ఆశ్రయమిచ్చువాడు తలుపు తెరచిన చాలదు, లోనికి వచ్చినవారందరికి నీరు చాలునా అని ముందే లెక్క చూడవలెను. ఈ శతవార్షిక సంవత్సరములో మన సంఘములు గోపురములకు సున్నము వేయుటతో తృప్తిపడక, దేవాలయ ఆవరణలోని బావిలో పూడిక తీయించి, కప్పుమీది వాననీటిని దానిలోనికి మళ్లించిన ఎంత మేలు! ఆ బావినీరు ఊరివారందరికిని అందునుగాక.