దారి తప్పిన పథ్యం



మా నర్మెట్టలో బంధువుల అమ్మాయి ఒకతె పురిటికి పుట్టింటికి వచ్చింది. బిడ్డకు నాలుగవ నెల నడుస్తుండగా ఆమె అన్నం మానివేసింది. అన్నంతో పాటు రొట్టె, పండు, చివరకు పప్పు కూడా. వెన్న, కొబ్బరినూనె, గ్రుడ్లు, మాంసం, ఇంతే ఆహారం. కాన్పుతో వచ్చిన ఒళ్ళు త్వరగా తీయాలని పట్టుదల. రెండు వారాలైనా గడవకముందే వాంతులు, గుండెదడ, చేతుల వణుకు. జనగామకు తీసుకొనిపోతే డాక్టరుగారు గ్లూకోజు ఎక్కించి, "ముందు ఈ తల్లికి అన్నం పెట్టండి" అన్నారు.

కోలుకున్నాక ఆ అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. "పెద్దబాపూ, మా అమ్మమ్మ కూడా బాలింతప్పుడు పథ్యమే చేసిందట కదా. ఆమెది పథ్యమైతే నాది కాదా?"

నలభై ఏండ్లు పాఠాలు చెప్పిన నాకు వెంటనే జవాబు తోచలేదు. వెదకిన తరువాత తెలిసినది ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా మాట సంగతి. పథ్యమంటే మనకు ఉప్పూకారం లేని చప్పిడి కూడు గుర్తుకు వస్తుంది. శబ్దార్థం వేరు. పథమంటే దారి. దారి నుండి తొలగనిది పథ్యమని పాణిని వ్యాకరణం చెబుతున్నది. ధర్మం నుండి తొలగనిది ధర్మ్యం, న్యాయం నుండి తొలగనిది న్యాయ్యం అయినట్లే ఇదీను. కనుక ఏది మానివేశామన్నది మాత్రమే చూచి పథ్యాన్ని నిర్ణయించరాదు. ఆ శరీరం అప్పుడు నడువవలసిన దారి ఏదో చూడాలి.

ప్రసవించిన స్త్రీ దారి ఏదో చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో ఉన్నది. ఆకలి పుట్టగానే పిప్పలి, అల్లం మొదలైన వాటి చూర్ణం కలిపిన నేయి గాని మరొక స్నేహద్రవ్యం గాని ఆమె తాళగలిగినంత ఇవ్వాలి. పొట్టకు పెద్ద వస్త్రం చుట్టాలి. అది జీర్ణమైన పిమ్మట నేయి కలిపిన పలుచని జావ పోయాలి. ఇలా ఐదు లేక ఏడు రాత్రులు గడిపి, ఆపైన క్రమంగా పుష్టినిచ్చే ఆహారానికి మరలించాలి.

ఇది చదువుతుంటే మా ఇంటి పురిటిగది కండ్లముందు నిలిచింది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, బెల్లమూ నేయీ కలిపి కట్టే కాయం ఉండ అక్కడి చూర్ణానికి చుట్టమే. మంత్రసాని బిగించే నడికట్టు అక్కడి వస్త్రమే. నేపాల రాజగురువు హేమరాజశర్మకు తాళపత్రాలలో దొరికి 1938లో అచ్చయిన కాశ్యపసంహిత, బాలింతల ఆహారం దేశాన్ని బట్టీ కులాచారాన్ని బట్టీ మారుతుందని కూడా అంగీకరించింది.

మా ప్రాంతం మెట్టభూమి. నా చిన్ననాట, అంటే 1960లలో, మామూలు ఇండ్లలో పొద్దున జొన్న గటక, రాత్రి జొన్న రొట్టె. వరి అన్నం పండుగకు, చుట్టం వచ్చిన నాటికి. అయితే అటువంటి ఇంటిలో కూడా బాలింతకు పాతబియ్యం వెదకి తెచ్చి మెత్తగా వండిపెట్టేవారు. అందులో వెల్లుల్లికారం, శొంఠిపొడి, ఉన్నవారి ఇంట నేయి. వంకాయ వద్దు, గుమ్మడికాయ వద్దు, చల్లనినీళ్ళు వద్దు, ఇట్లా పెద్ద జాబితా ఉండేది. కాని ఆ జాబితాలో అన్నం లేదు. అందరికీ దొరకనిది ఆమెకే ముందుగా పెట్టేవారు.

తరువాత కాలం మారింది. బావులు, బోర్లు వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. జొన్న వెనుకబడి అన్నం మూడుపూటలా వచ్చింది. చేలో ఒళ్ళు వంచే పని తగ్గింది. బరువు పెరగడమూ, చక్కెరవ్యాధీ ఊళ్ళలోకి కూడా వచ్చాయి. అన్నం మీద అనుమానం పుట్టడానికి నేల ఇక్కడే సిద్ధమయింది.

ఆ అనుమానానికి సీమలో అప్పటికే నూరేండ్లు దాటాయి. విలియం బాంటింగ్ లండనులో అంత్యక్రియలు నిర్వహించే వృత్తివాడు. స్థూలకాయంతో అవస్థపడి, వినికిడి కూడా తగ్గి, విలియం హార్వే అనే చెవివైద్యుని ఆశ్రయించాడు. ఆయన రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానిపించాడు. 202 పౌనులున్న బాంటింగ్ ఏడాదిలో 46 పౌనులు తగ్గి, 1863లో తన అనుభవాన్ని చిన్న పుస్తకంగా వేశాడు. అది ఎంత ప్రసిద్ధమయిందంటే స్వీడిష్ భాషలో బరువు తగ్గడానికి ఆహారం నియమించుకోవడాన్ని నేటికీ 'బాంటా' అనే అంటారు. ఒక మనిషి ఇంటిపేరు క్రియాపదమైపోయింది!

1921లో అమెరికా మేయో క్లినిక్కులో రసెల్ వైల్డర్ మూర్ఛరోగులకోసం కొవ్వు హెచ్చుగా, పిండిపదార్థం అత్యల్పంగా ఉండే ఆహారాన్ని ప్రతిపాదించి దానికి కీటోజెనిక్ అని పేరు పెట్టాడు. 1972లో అట్కిన్స్ పుస్తకం ఆ దారిని బరువు తగ్గగోరేవారికి చూపింది. 2017-18 నాటికి విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన కొవ్వు, నిమ్మరసం, నీళ్ళు, విటమిన్ బిళ్ళల పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాలలో ఇంటింటి మాట అయింది. స్థూలకాయులనూ మధుమేహులనూ ఉద్దేశించిన దానిని పాలిచ్చే తల్లి తనకు తానే అన్వయించుకొంటే ఏమవుతుందన్నదే మన ప్రశ్న.

దీనికి కూడికలు, తీసివేతలు చాలు. నూరు మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 7 గ్రాముల లాక్టోజు, అంటే పాలచక్కెర ఉంటుంది. రోజుకు 750 మిల్లీలీటర్ల పాలు ఇస్తే 50 గ్రాములకు పైగా చక్కెర బిడ్డకు పోతున్నదన్నమాట. తల్లి తినే పిండిపదార్థం 20 గ్రాములే అయితే? వచ్చే ఇరవైలోనుండి పోయే యాభై ఎట్లా తీరుతుంది? శరీరం తన కండరాల మాంసకృత్తుల నుండి చక్కెర చేసుకొంటుంది, కొవ్వును విరివిగా కరిగిస్తుంది. ఆ కరగడంలో పుట్టే కీటోన్లు హద్దుమీరితే రక్తం పులిసిపోతుంది.

బాంటా అనే మాట వాడే స్వీడన్‌లోనే ఇది జరిగింది. పది నెలల బిడ్డకు పాలిస్తున్న 32 ఏండ్ల తల్లి, మధుమేహం లేనిది, రోజుకు 20 గ్రాములకు లోపు పిండిపదార్థంతో పది రోజులు గడిపింది. నాలుగు కిలోలు తగ్గింది. వాంతులు, గుండెదడ, వణుకులతో ఆసుపత్రిలో చేరింది. వైద్యులు ఆ ఉదంతాన్ని 2015లో ప్రకటించారు. మా అమ్మాయి లక్షణాలు కూడా ఇవే.

మా ఊరి రైతుకు ఇది కొత్త కాదు. ఈనిన పాడిబర్రె మేత సరిగా తినక పాలు మాత్రం సమృద్ధిగా ఇస్తుంటే అది చిక్కి, మేత ముట్టక, నోటినుండి ఒక తీయని వాసన వస్తుంది. పశువైద్యుడు కీటోసిస్ అని గ్లూకోజు ఎక్కిస్తాడు. బర్రెకు తెలిసిన వైద్యం బాలింత విషయంలో మనకు తోచలేదు.

అయితే పాత పథ్యమంతా బంగారమని నేను అనను. ముర్రుపాలు పిండి పారబోసేవారు. దాహమంటే నీళ్ళిచ్చేవారు కారు. ఆకుకూరలు, పండ్లు వద్దనేవారు. లేనివారి ఇంట పథ్యమంటే ఉత్త అన్నమూ కారమే. 1950లలో కూనూరు పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్ పేదతల్లుల పాల గురించి పరిశోధించారు. అరకొర తిండితోనే వారు నెలల తరబడి పాలిస్తున్నారని, ఆ మూల్యం వారి ఒళ్ళే చెల్లిస్తున్నదని అట్టి పరిశోధనలు తెలిపాయి. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన ఆ సంస్థే, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, తరువాతి ఆరు నెలలు 520 కేలరీలు అదనంగా కావాలని నిర్ణయించింది.

మరి బాలింత బరువు తగ్గకూడదా? తప్పక తగ్గవచ్చు. 2000లో అమెరికాలో అధికబరువు గల 40 మంది పాలిచ్చే తల్లులపై జరిగిన అధ్యయనం ప్రచురితమైంది. మొదటి నెల ఏమీ చేయనీయలేదు. ఆపైన పది వారాలు సగం మందికి ఆహారంలో 500 కేలరీలు తగ్గించి, వ్యాయామం చేయించారు. వారు వారానికి అరకిలో చొప్పున తగ్గారు. బిడ్డల ఎదుగుదలకు లోటు రాలేదు. అరకిలో అంటే నేటి తొందరలో చిన్నదిగా తోస్తుంది. దారి మాత్రం అదే.

ఈ సంగతులన్నీ చెప్పాక ఆ అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అమ్మమ్మ నాకు అన్నం పెట్టమని రోజూ గొడవ పెట్టింది, పెద్దబాపూ. ఆమెకేం తెలుసనుకున్నాను" అన్నది.

ఇప్పుడు పగలు అన్నం, పప్పు, ఆకుకూర. రాత్రి జొన్నరొట్టె. చక్కెర, నూనెపిండివంటలు మానింది. సాయంత్రం చెరువుకట్ట మీద నడుస్తున్నది. బిడ్డ అమ్మమ్మ ఒడిలో ఉంటాడు. బరువు మెల్లగానే తగ్గుతున్నది.

మీ మీ ప్రాంతాలలో బాలింత కాయంలో ఏయే దినుసులు వేసేవారో పెద్దలనడిగి తెలిపితే సంతోషిస్తాను.