అశ్లీలం ఎక్కడుంటుంది? – మంటో వ్యాసాలు

ఉర్దూ కథకుడుగా సాదత్ హసన్ మంటో (1912–1955) మనవారికి చిరపరిచితుడే. వ్యాసకర్తగా ఆయన అంతగా తెలియడు. అశ్లీలరచన చేశాడని ఆయనపై ఆరు అభియోగాలు నడిచాయి. దేశవిభజనకు ముందు మూడు, తరువాత పాకిస్తానులో మూడు. పాలకులు మారినా 292వ సెక్షను మారలేదు. ఆ బోనులో నిలబడవలసి వచ్చినందువల్లనే మంటో కథాశిల్పాన్ని గురించి మంచి వ్యాసాలు వ్రాశాడు.

అశ్లీలాన్ని మన ఆలంకారికులు కావ్యదోషాలలో లెక్కించారు. వ్రీడ, జుగుప్స, అమంగళం అని దానిని మూడు విధాలుగా విభజించారు. అయితే వక్త ఎవరు, సందర్భమేమిటి అన్న ఔచిత్యాన్ని బట్టి దోషం దోషం కాకుండా పోతుందనీ, ఒక్కొక్కప్పుడు గుణమే అవుతుందనీ మమ్మటుడు కావ్యప్రకాశంలో అంగీకరించాడు. 1868 నాటి ఇంగ్లండు తీర్పును అనుసరించిన న్యాయస్థానాలకు ఈ విచక్షణతో పని లేదు. చెడిపోవడానికి అవకాశమున్న పాఠకుణ్ణి రచన చెడగొట్టగలదా అన్నదే వాటి ప్రశ్న.

మంటో వాదం మమ్మటుని పక్షాన నిలుస్తుంది. 'కాలీ షల్వార్' కథను సమర్థిస్తూ వ్రాసిన 'సఫేద్ ఝూట్' వ్యాసంలో ఆయన తర్కం సూటిగా ఉంటుంది. వేశ్య ఉనికిని సహించే సమాజానికి ఆమె ప్రస్తావన మాత్రం ఎందుకు అసహ్యం? ఆమె లేని నాడు ఆమె కథా ఉండదు కదా!

1949 మార్చిలో లాహోరు పత్రిక 'జావేద్'లో వెలువడిన 'ఠండా గోష్త్' పెద్ద వివాదమైంది. అల్లర్లలో తాను ఎత్తుకొచ్చిన యువతి శవమని తెలిసిన క్షణం నుంచి పురుషత్వం కోల్పోయిన ఈశర్ సింగ్ కథ అది. మోటు మనుషుల నోట మోటు మాటలే వస్తాయనీ, అంతటి క్రూరునిలోనూ మానవత్వం పూర్తిగా చావలేదని చెప్పడమే కథాప్రయోజనమనీ మంటో వాదించాడు. 1950 జనవరిలో మూడు నెలల కఠినశిక్ష, మూడు వందల రూపాయల జరిమానా పడ్డాయి. సెషన్సు కోర్టు కొట్టివేసింది. ప్రభుత్వం అంతటితో వదలక హైకోర్టుకు వెళ్ళి జరిమానాను మళ్ళీ వేయించింది.

ఈ చరిత్రలో రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 'ఠండా గోష్త్' కేసులో కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ సాక్ష్యమిస్తూ, ఆ కథ అశ్లీలం కాదన్నాడు. ఉత్తమసాహిత్య ప్రమాణాలను అందుకోలేదనీ అన్నాడు. 'ఊపర్, నీచే ఔర్ దర్మియాన్' కథపై కరాచీలో విచారణ జరిపిన మేజిస్ట్రేటు దీనికి సరిగా విపరీతం. ఆయన మంటోను గొప్ప రచయితగా అభిమానించాడు; అయినా కథ అశ్లీలమనే నమ్మి ఇరవై అయిదు రూపాయల జరిమానా విధించాడు. 'పాంచ్‌వాఁ ముకద్దమా' అన్న వ్యాసంలో మంటో ఈ ముచ్చట వివరంగా చెప్పాడు.

కథ రుచించనివాడు రచయితను కాపాడాడు, రుచించినవాడు దండించాడు. ఇద్దరూ నిజాయితీపరులే. కానీ ఫైజు చేసింది విమర్శ. దానికి మరొక విమర్శతో బదులు చెప్పవచ్చు. తీర్పుకు అలా బదులు చెప్పలేము, జరిమానా కట్టవలసిందే.

ఇదే 292వ సెక్షను మన ముద్దుపళనినీ వదలలేదు. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి వెలువరించిన 'రాధికా సాంత్వనము'ను ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు ప్రధానిగా ఉండగా గాని ఆ నిషేధం తొలగలేదు. ఆ కావ్యంలో దోషాలున్నాయనేవారు ఉండవచ్చు. వాటిని ఎంచడానికి పండితులున్నారు, పోలీసులు అక్కరలేదు.