అగ్రికల్చర్ బీఎస్సీ: బోటనీకి దీనికి తేడా ఏమిటి? చేరే ముందు ఏం చూసుకోవాలి?

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లల ఇళ్లలో మొదట వినిపించే మాట ఎంబీబీఎస్. నీట్‌లో అనుకున్న ర్యాంకు రాకపోతే అగ్రికల్చర్ బీఎస్సీ పేరు వినిపిస్తుంది. అలా చేరినవాళ్లలో చాలామందికి తాము ఏం చదవబోతున్నామో మొదటి సెమిస్టర్ అయ్యేదాకా తెలియదు. 'మొక్కల గురించే కదా, బోటనీ లాంటిదే' అనుకుంటారు.

రెండు చదువులూ చూసేది మొక్కనే. అడిగే ప్రశ్నలు మాత్రం వేరు. నీట మునిగిన వరి మొక్క లోపల ఏం జరుగుతోందని బోటనీ అడుగుతుంది. ఆ పొలంలో ఈ ఏడాది ఎంతో కొంత పంట చేతికి రావాలంటే ఏం చేయాలని అగ్రికల్చర్ అడుగుతుంది.

తేడా ఉద్యోగాల దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకు వ్యవసాయంలోగానీ, ఉద్యానం, పశువైద్యం లాంటి అనుబంధ రంగాల్లోగానీ నాలుగేళ్ల డిగ్రీ ఉండాలి. బోటనీ డిగ్రీ సరిపోదు. వ్యవసాయ అధికారి పోస్టుకూ బోటనీ పనికిరాదు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు మాత్రం రెండూ చెల్లుతాయి.

నాలుగేళ్లలో ఏం చెబుతారు?

మొత్తం ఎనిమిది సెమిస్టర్లు. సస్యశాస్త్రం, నేలల శాస్త్రం, జన్యుశాస్త్రం, కొత్త రకాల రూపకల్పన, పురుగులు, తెగుళ్లు, ఉద్యాన పంటలు, వ్యవసాయ ఆర్థికశాస్త్రం, విస్తరణ విద్య... ఇలా అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు గణితంలో, లెక్కల గ్రూపు నుంచి వచ్చినవాళ్లకు జీవశాస్త్రంలో ప్రాథమిక కోర్సు ఉంటుంది. పురుగులను పట్టి, సూదులు గుచ్చి పెట్టెలో అమర్చి, పేర్లు రాసి చూపించాలి. కాలేజీ పొలంలో పంట వేసి, కలుపు తీసి, దిగుబడి లెక్క కట్టాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది చివరి ఏడాదిలో వచ్చే గ్రామీణ వ్యవసాయ పని అనుభవం. ఇంగ్లిష్ పొడి అక్షరాలతో విద్యార్థులు దీన్ని 'రావె' అంటారు. కొన్ని వారాల పాటు ఊళ్లో రైతుల వెంట ఉండి పని నేర్చుకోవాలి. క్లాసులో ఇంగ్లిష్‌లో 'బ్రౌన్ ప్లాంట్ హాపర్' అని చదివినదాన్ని రైతు 'దోమపోటు' అంటాడు. 'బ్లాస్ట్' అక్కడ అగ్గి తెగులు, 'షీత్ బ్లైట్' పాముపొడ. మూడేళ్ల చదువును తెలుగులోకి మార్చుకోవడం చాలామందికి ఆ ఊళ్లోనే మొదలవుతుంది. పాఠం చెప్పేటప్పుడే రెండు పేర్లూ చెబితే సరిపోయేదానికి అంతదాకా ఎందుకు ఆగాలో అర్థం కాదు.

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చింది?

బోధన, పరిశోధన, రైతుకు చేరవేయడం ఒకే చోట జరగాలన్నది అమెరికాలో 1862 నాటి చట్టంతో మొదలైన ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాల పద్ధతి. భారత్‌లో ఆ నమూనాలో మొదటిది 1960లో పంత్‌నగర్‌లో వచ్చింది. దాదాపు అదే కాలంలో, 1961లో, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని మైమెన్‌సింగ్‌లో, పశ్చిమాన లాయల్‌పూర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు వెలిశాయి. లాయల్‌పూర్ (ఇప్పటి ఫైసలాబాద్) కాలేజీ 1906 నాటిది. దేశ విభజనతో అది అటు వెళ్లిపోవడంతో భారత పంజాబ్ 1962లో లూధియానాలో తన విశ్వవిద్యాలయాన్ని కట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. తర్వాత దానికి ఎన్జీ రంగా పేరు పెట్టారు. 2014లో తెలంగాణ వాటా ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో విడిగా ఏర్పడింది.

అయితే అమెరికాలోలా రైతుకు చేరవేసే పని ఇక్కడ పూర్తిగా విశ్వవిద్యాలయం చేతికి రాలేదు. అది ఎక్కువగా రాష్ట్ర వ్యవసాయ శాఖ దగ్గరే ఉండిపోయింది. 1974లో పుదుచ్చేరితో మొదలైన కృషి విజ్ఞాన కేంద్రాలు ఆ ఖాళీని కొంత పూడ్చాయి.

స్వర్ణ కథ

ఈ చదువులోని ముక్కలన్నీ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే ఒక వరి రకం చాలు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఎంటీయూ 7029ను విడుదల చేసింది. అదే స్వర్ణ. ఒడిశా, బెంగాల్, బిహార్ దాకా పాకి, సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌కూ వెళ్లింది. దాని బలహీనత వరద. వారానికి మించి మునిగితే చేను పోయినట్టే.

ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత రకం రెండు వారాల దాకా మునిగినా బతికేది. మామూలు వరి నీళ్లలోంచి తల బయట పెట్టాలని పొడవు పెరుగుతూ దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు చేసేస్తుంది. ఈ రకం పెరగడం ఆపి, శక్తిని దాచుకుని, నీళ్లు తీశాక మళ్లీ చిగురిస్తుంది. ఇంతవరకు వృక్ష శరీరధర్మ శాస్త్రం. దీనికి కారణమైన సబ్1ఏ జన్యువును గుర్తించినట్టు శాస్త్రవేత్తలు 2006లో ప్రకటించారు. ఇది జన్యుశాస్త్రం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ లక్షణాన్ని సంకరం ద్వారా స్వర్ణలోకి తెచ్చింది. ప్రతి తరంలో డీఎన్‌ఏ గుర్తులు చూసి మొక్కలను ఎంచుకున్నారు. ఇది ప్రజనన శాస్త్రం. స్వర్ణ సబ్1 భారత్‌లో 2009లో, బంగ్లాదేశ్‌లో 2010లో బ్రి ధాన్ 51 పేరుతో విడుదలైంది.

రైతుకు అలవాటైన స్వర్ణనే ఉంచి ఒక్క లోపాన్ని సరిచేయడం ఇందులో తెలివైన నిర్ణయం. రైతు ఆ రకాన్ని ఎందుకు వదులుకోడో తెలిసినవాళ్లకే ఆ ఆలోచన వస్తుంది.

చేరే ముందు

రెండు తెలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర సీట్లకు ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్ రాయాలి. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) భర్తీ చేసే జాతీయ కోటా సీట్లకు సీయూఈటీ దారి. పదో తరగతి తర్వాత వ్యవసాయ డిప్లొమా చేసినవాళ్లకు అగ్రిసెట్ ఉంది.

రైతు కోటా గురించి ఒక మాట చెప్పాలి. పల్లె బడిలో చదివి, తల్లిదండ్రుల పేరిట భూమి ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. మరి కౌలు రైతు సంగతి? పంట వేసేది అతను, పట్టా ఉండేది యజమాని పేరు మీద. పొలం పనిలో పెరిగిన పిల్లలు భూమి కాగితం లేక ఈ కోటాకు దూరమవుతారు. కోటా ఉద్దేశానికే ఇది విరుద్ధం.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది కాలేజీ గుర్తింపు. వైద్య విద్యకు ఉన్నట్టు వ్యవసాయ విద్యకు చట్టబద్ధమైన నియంత్రణ మండలి లేదు. ఐసీఏఆర్ 1929లో సొసైటీగా నమోదైన సంస్థ. అది ఇచ్చే అక్రిడిటేషన్ లేని కాలేజీలో చదివితే పీజీ ప్రవేశాల్లో, కొన్ని ఉద్యోగాల్లో చిక్కులు వస్తాయి. ఫీజు కట్టే ముందే ఐసీఏఆర్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, గుర్తింపు గడువు తేదీ చూసుకోవాలి. కాలేజీకి సొంత పొలం ఎన్ని ఎకరాలుంది, దానికి నీళ్లెక్కడివి, 'రావె'కు ఏ ఊళ్లకు పంపుతారు అని సీనియర్లను అడగాలి. వీలైతే పంట మీదున్నప్పుడు వెళ్లి ఆ పొలాన్ని చూసి రావాలి.