కూలిన కెర్నల్ మరణ వాంగ్మూలం

2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయిన రోజది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ వల్లే ఇదంతా జరిగిందని కొద్ది గంటల్లోనే తేలింది. ఏ డ్రైవరులో, ఏ ఆదేశం దగ్గర యంత్రం ఆగిందో ఇంజినీర్లకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లి చూస్తే, 20 విలువలే ఉన్నచోట ఆ డ్రైవరు 21వ దానికోసం వెతికి, తనది కాని మెమరీని చదవబోయిందని బయటపడింది. ఆ ఆచూకీ ఇచ్చింది, కూలిపోతున్న యంత్రాలు చివరి క్షణంలో రాసి పెట్టిన ఫైళ్లు. వాటినే క్రాష్ డంప్‌లు అంటారు.

మామూలు ప్రోగ్రాము కూలితే దాని మెమరీని భద్రపరచడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఉంటుంది. కెర్నలే కూలితే? డిస్కు మీద అక్షరం ముక్క రాయాలన్నా అది కెర్నల్ ద్వారానే జరగాలి. తన లెక్కలు తప్పాయని గుర్తించి, ఇంకా నష్టం చేయకూడదనే కెర్నల్ తనంతట తాను ఆగిపోతుంది. అలాంటిదాన్ని మళ్లీ డిస్కు ముట్టుకోమంటే, తప్పుడు చోట రాసి మన ఫైళ్లనే చెరిపేయవచ్చు. అలాగని ఏమీ రాయకుండా ఆగితే కారణం ఎన్నటికీ తెలియదు. ఈ వాంగ్మూలాన్ని నమోదు చేసే బాధ్యత ఎవరికి ఇవ్వాలన్నదే అర్ధ శతాబ్దంగా ఇంజినీర్లను వేధించిన ప్రశ్న.

మొదట్లో ఆ పని మనిషే చేశాడు. అప్పటి కంప్యూటర్ల మెమరీ సన్నని అయస్కాంత వలయాలతో అల్లినది. కరెంటు పోయినా అందులోని విలువలు చెరగవు. మెయిన్‌ఫ్రేములు కూలితే మెమరీ మొత్తాన్ని అంకెలుగా ప్రింటరు మీద అచ్చువేసి, ఆ కాగితాల దొంతరను పెన్సిలు పట్టుకుని చదివేవారు. 1975లో వచ్చిన యూనిక్స్ ఆరో ఎడిషన్ మాన్యువల్‌లో ఆపరేటరుకు సూచనలు ఉన్నాయి: మాగ్నెటిక్ టేపు ఎక్కించు, యంత్రాన్ని ఆపు, 44వ చిరునామా నుంచి మళ్లీ నడిపించు. మెమరీ అంతా టేపు మీదికి చేరుతుంది. యూనిక్స్‌కు ముందు వచ్చిన మల్టిక్స్‌లో ఇంజినీరుగా పనిచేసిన టామ్ వాన్ వ్లెక్ ఒక సంభాషణను గుర్తుచేసుకున్నారు. మల్టిక్స్‌లో తాను రాసే కోడులో సగం తప్పుల నుంచి కోలుకోవడానికే పోతోందని ఆయన అంటే, యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన డెన్నిస్ రిచీ తాము అదంతా వదిలేశామన్నాడట. తప్పు జరిగితే ‘పానిక్’ అనే రొటీన్ యంత్రాన్ని ఆపేస్తుంది, వరండాలోకి కేకేసి రీబూట్ చేయమంటాం, అంతే. చిన్న ప్రయోగశాలకు అది సరిపోయింది. రాత్రింబవళ్లు ఎవరూ కాపలా లేకుండా నడవాల్సిన యంత్రాలకు సరిపోదు.

బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు 1980ల ఆరంభంలో ఈ పని నుంచి మనిషిని తప్పించారు. పానిక్ అయిన కెర్నల్ మెమరీని డిస్కులోని స్వాప్ విభాగంలో కుమ్మరిస్తుంది. రీబూట్ అయ్యాక సేవ్‌కోర్ అనే ప్రోగ్రాము దాన్ని ఫైలుగా మారుస్తుంది. స్వాప్‌నే ఎంచుకోవడంలో ఎంతో తెలివి ఉంది. అక్కడ ఉన్నదంతా తాత్కాలికం, పోయినా ఎవరికీ నష్టం లేదు. పైగా డంప్‌ను ఆ విభాగం చివరి భాగంలో రాస్తారు. రీబూట్ మొదలవగానే స్వాప్ వాడకం ముందువైపు నుంచి మొదలైనా, వెంటనే దాన్ని తుడిచేయకుండా.

విండోస్ ఎన్‌టీ కూడా స్వాప్ లాంటి పేజ్ ఫైలులోనే రాస్తుంది, కానీ జాగ్రత్త ఎక్కువ. ఆ ఫైలు డిస్కులో ఎక్కడెక్కడ ఉందో బూట్ సమయంలోనే రాసి పెట్టుకుంటుంది. డిస్కు డ్రైవరుకు ఒక నకలును విడిగా సిద్ధం చేస్తుంది. కూలేటప్పుడు ఇవేవీ చెడలేదని సరిచూసుకున్నాకే రాత మొదలుపెడుతుంది. తేడా ఉంటే డంప్‌నే వదులుకుంటుంది. ఎక్స్‌పీ కాలం నుంచి ఇలాంటి నివేదికలు ఇంటర్నెట్ ద్వారా మైక్రోసాఫ్ట్‌కు చేరసాగాయి. అన్ని లోపాల్లో కేవలం 1 శాతమే సగం సమస్యలకు మూలమని 2002లో ఆ సంస్థ అధిపతి స్టీవ్ బాల్మర్ ప్రకటించగలిగింది వాటివల్లే.

నా దృష్టిలో అన్నిటికంటే అందమైన పరిష్కారం లైనక్స్‌ది. అందులో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది. 1999లో ఎస్‌జీఐ సంస్థ తెచ్చిన ఎల్‌కేసీడీ, తర్వాత రెడ్‌హ్యాట్ నెట్‌డంప్ లైనక్స్‌లో డంప్ తీసే పని కొంత చేశాయి. కానీ రెండూ చివరికి కూలిన కెర్నల్ డ్రైవర్ల మీదే ఆధారపడ్డాయి. ఐబీఎం భారత విభాగంలో పనిచేసిన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ, అమెరికాలోని ఎరిక్ బీడర్‌మన్‌తో కలిసి వేరే దారి పట్టారు. యంత్రాన్ని మొదట లేపే బయోస్ జోలికి పోకుండా ఒక కెర్నల్ నుంచి మరో కెర్నల్‌లోకి నేరుగా దూకే కెక్సెక్ అనే పద్ధతి బీడర్‌మన్‌ది. కూలిన కెర్నల్ చేత ఏమీ రాయించకుండా, వెంటనే ఇంకో ఆరోగ్యవంతమైన కెర్నల్‌ను లేపితే? అదే కేడంప్.

బూట్ సమయంలోనే కొంత మెమరీ, 128 ఎంబీ అనుకోండి, పక్కన పెట్టేస్తారు. రెండో కెర్నల్ అక్కడ సిద్ధంగా ఉంటుంది. ఆ స్థలాన్ని మొదటి కెర్నల్ ఏ పనికీ వాడదు కనుక, క్రాష్ తర్వాత కూడా పరికరాలు పాత మెమరీలోకి డేటా పంపిస్తున్నా, ఈ గదికి ముప్పుండదు. పానిక్ అయిన క్షణంలో, రెండో కెర్నల్ చెక్కుచెదరలేదని హ్యాష్‌తో సరిచూసి అదుపు దానికి అప్పగిస్తారు. అది మేలుకుని, తన గదిలోనే ఉంటూ, మొదటి కెర్నల్ మెమరీనంతా వీఎమ్‌కోర్ అనే ఫైలుగా చూస్తుంది. ఖాళీ పేజీలను, అవసరం లేనివాటిని వడగట్టి డిస్కుకో నెట్‌వర్క్‌కో పంపి, యంత్రాన్ని రీబూట్ చేస్తుంది. 2005 ఆగస్టులో విడుదలైన 2.6.13 వెర్షన్‌తో ఇది లైనక్స్‌లో భాగమైంది. ఇన్నేళ్ల ప్రశ్నకు ఇంతకంటే నిజాయితీ గల జవాబు నాకు కనిపించలేదు.

అయితే మెమరీలో ఉన్నదంతా డంప్‌లోకి వస్తుంది: పాస్‌వర్డులు, ఉత్తరాలు, రహస్య తాళాలు. 2023లో చైనా హ్యాకర్లు మైక్రోసాఫ్ట్ సంతకపు తాళం ఒకటి సంపాదించి, అమెరికా ప్రభుత్వ శాఖల ఈమెయిళ్లు చదివారు. 2021 నాటి ఒక క్రాష్ డంప్ ద్వారా అది బయటికి పొక్కి ఉండొచ్చని ఆ సంస్థ మొదట చెప్పింది. ఆ తాళం ఉన్న డంప్ ఏదీ తమకు దొరకలేదని 2024లో సవరించుకుంది. నిజం ఏదైనా, సొంత డంప్ అలా లీకవడం సాధ్యమేనని అంత పెద్ద సంస్థే నమ్మింది.

సర్వర్లు చూసుకునే మిత్రులకు ఒక మనవి: పరీక్షకు పెట్టుకున్న యంత్రాన్ని ఒకసారి కావాలనే పానిక్ చేయించి, డంప్ వస్తోందో లేదో చూసుకోండి. వచ్చిన డంప్‌ను అడిగినవారందరికీ ఇవ్వకండి. ఇంట్లో కంప్యూటర్ తరచూ నీలి తెరతో ఆగిపోతుంటే, షాపులో ఫార్మాట్ కొట్టించే ముందు విండోస్ ఫోల్డరులోని మినీడంప్ ఫైళ్లను పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. వాటిని చదివే విన్‌డీబీజీని మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తోంది.