పందెపు బాటకు పాత కారు

హైదరాబాదు నుండి బీజాపూరు పోవు రహదారిపై మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు సాగు బాటసారిని ముందుగా ఆకర్షించునవి దారి పొడవున గల మర్రిచెట్లు. నేడు ఈ ప్రాంతమునకు మరియొక ప్రత్యేకత కూడ వచ్చినది. చేవెళ్ల పరిసరములలో పిస్టా మోటార్ రేస్‌వే అను పందెపు బాట వెలసినది.

ఇటువంటి బాటలపై సామాన్యుడు రుసుము చెల్లించి తన కారును తానే వేగముగా నడుపు దినమును ‘ట్రాక్ డే’ అందురు. ఇది పందెము కాదు. ఇందులో గెలుపోటములు లేవు. అయితే కొద్దిపాటి సొమ్ము గలవాడు దీనికై ఎట్టి పాత కారును ఎన్నుకొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రలోనే కలదు.

1922లో ఇంగ్లండులో ఆస్టిన్ సెవెన్ అను చిన్న కారు వెలువడినది. 1948లో కాలిన్ చాప్మన్ అను యువకుడు అట్టి పాత కారునొకదానిని తీసికొని, దాని పైతొడుగు తొలగించి, తేలికయైన కొత్త తొడుగు అమర్చి పోటీలకు సిద్ధపరచెను. ప్రసిద్ధమైన లోటస్ కార్లకు అదియే నాంది. బలము పెంచుటకన్న బరువు తగ్గించుట మేలని ఆయన నమ్మిక.

మన దేశమున 1950ల దశకములో మద్రాసు సమీపమునగల షోలవరములో, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాల బాటపై పందెములు ప్రారంభమైనవి. విదేశీ కార్ల దిగుమతి కష్టమైన ఆ రోజులలో ఫియట్, హెరాల్డ్ వంటి సాధారణమైన కార్లనే మెకానిక్కులు పందెములకు తీర్చిదిద్దిరి. 1983లో మారుతి 800 వచ్చినది. 796 ఘన సెంటీమీటర్ల దాని ఇంజనుతో కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ ఒంటి సీటు పందెపు కార్లను నిర్మించెను. 1994లో వచ్చిన మారుతి ఎస్టీమ్ 1298 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో, సుమారు 900 కిలోల బరువుతో పందెగాండ్ర అభిమానము చూరగొన్నది. ఈ కార్లన్నిటికి సామాన్య లక్షణములు మూడు: తేలికదనము, విడిభాగముల లభ్యత, ప్రతి మెకానిక్కుకు తెలిసిన నిర్మాణము.

కాని కారు పరుగెత్తుట ఎంత ముఖ్యమో ఆగుట అంతకన్న ముఖ్యము. చోదకునితో కలిపి 1000 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా, దాని గతిశక్తి ఒక లీటరుకు పైగా చల్లని నీటిని మరిగించుటకు చాలును. వేగము 140 అయినచో ఆ శక్తి దాదాపు రెట్టింపగును. ఆగినప్పుడు ఈ శక్తిలో అధికభాగము బ్రేకులలో ఉష్ణముగా మారును. ప్రతి మలుపు వద్దను ఇదే జరుగును.

ఇందు ఒక ప్రమాదము దాగియున్నది. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకపు కొత్త ద్రవము కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగదు. తేమ పట్టిన పిదప ఆ హద్దు 155కు దిగజారవచ్చును. ద్రవము మరిగి ఆవిరి బుడగలు ఏర్పడినచో పెడల్ నేలకు తాకును గాని కారు ఆగదు. ఊరి రోడ్డుపై ఏండ్ల తరబడి బయటపడని ఈ లోపము పందెపు బాటపై కొద్ది చుట్లలోనే ప్రాణము మీదికి తేగలదు.

కావున కొనువాడు మొదట కారు అడుగుభాగమున తుప్పును పరీక్షించవలెను. చట్రము చెడినచో ఎంత చవకయైనను విడువవలెను. మిగిలిన సొమ్మును మొదట బ్రేకులకు, టైర్లకు, సీటు పట్టీలకు, హెల్మెటుకు వినియోగించి, ఇంజను బలమును చివరకు తలపెట్టవలెను. మార్పులు చేసిన కారును రోడ్డుపై నడుపుట చట్టవిరుద్ధము కావచ్చును. దానిని లారీపై బాట వద్దకు చేర్చుట మంచిది.

షోలవరము నుండి చేవెళ్ల వరకు బాటలు మారినవి, కార్లు మారినవి. గతిశక్తి సూత్రము మాత్రము మారలేదు.